తుప్పన్న తప్పు చెయ్యరాదు

వైజయంతి ఇంట్లో బట్టలుతికే మెషీను ఒకటి ఉండేది. బట్టలు పిండేటప్పుడు అది ఒళ్ళంతా ఊగిపోతూ, గడగడలాడుతూ, ఉన్నచోటు నుంచి కదిలి మెల్లమెల్లగా స్నానాలగది గుమ్మం దాకా నడిచొచ్చేది. పైపు పొడవు అయిపోయాక అక్కడ ఆగి, ఇంకాసేపు మూలిగి ఊరుకునేది. మెకానిక్కు వచ్చినప్పుడల్లా దాని కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టి వెళ్ళేవాడు. అది ఆ రబ్బరు ముక్కలతో సహా నడిచొచ్చేది. ఇంకొకరైతే కొత్తది కొనుక్కునేవారు. వైజయంతి మటుకు గుమ్మంలో నిలబడి, "పాపం, బజారుకెళ్దామనుకుంటోంది" అనుకునేది.

అలా పుట్టాడు తుప్పన్న.

బొమ్మల్ని కదిలించడం ఆవిడ వృత్తి. చిక్కడపల్లిలో కర్టెన్ల కొట్టు పైన చిన్న స్టూడియో. అందులో ఆవిడా, బొమ్మలు గీసే కుర్రాళ్ళూ అమ్మాయిలూ కొందరు. ఏళ్ళ తరబడి వాళ్ళు కదిలించినవన్నీ పరాయి బొమ్మలే. టూత్‌పేస్టు చూసి పారిపోయే పళ్ళ పురుగులు, గొడుగు పట్టుకుని నవ్వే బీమా కుటుంబం, విదేశీ కార్టూన్లలో జనం గుంపులో వెనక నిలబడే మనుషులు. సొంత బొమ్మ, సొంత కథ అంటూ ఏదీ లేదు. తుప్పన్నే మొదటివాడు.

తుప్పన్న ఒక రోబో. చదరపు పొట్ట, ఒంటి కన్ను, ఒక కాలు కాస్త పొట్టి. పాత పిండిమర నుంచి తయారైన మరమ్మ అతనికి తోడు. ఆవిడకి నోరెక్కువ. మొదటి కథలో మరమ్మ అతన్ని కొత్తిమీర తెమ్మని పంపుతుంది. తుప్పన్నకి చెవి సరిగ్గా పనిచెయ్యదు కాబట్టి 'కొత్త మీటరు' అని వినబడుతుంది. పక్కింటివాళ్ళు ఆ పొద్దుటే పెట్టించుకున్న కరెంటు మీటరు ఊడబీకి సంచిలో వేసుకుని వస్తాడు. వీధంతా చీకటి. టీవీలు ఆగిపోయి, ఎన్నాళ్ళనుంచో మాట్లాడుకోని జనం అరుగుల మీదికి చేరతారు. ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చుకుని అందరూ కలిసి తింటారు. మరమ్మ పచ్చడి మాత్రం కొత్తిమీర లేకుండానే ఉంటుంది.

తుప్పన్నకి గొంతు ఇచ్చినవాడు ముక్తేశ్వరరావు. అమలాపురం వైపు మనిషి, ముప్పావు జీవితం నాటకాల్లో గడిపినవాడు. రోబో గొంతు కోసం ఆయన ఇంటి నుంచి ఇత్తడి బిందె తెచ్చుకుని, అందులో మొహం పెట్టి మాట్లాడేవాడు. మధ్యమధ్య అందులోనే దగ్గేవాడు. ఆ దగ్గు వింటే నిజంగానే లోపలెక్కడో మర ఊడిపోయిందేమో అనిపించేది. కింద కొట్టుకి తల్లులతో వచ్చిన పిల్లల్ని పైకి పిలిచి ఆ కథ చూపిస్తే, వాళ్ళ నవ్వులకి కొట్టు యజమాని మెట్లెక్కి వచ్చాడు, ఏమైందో చూద్దామని. ఆయన కూడా చివరిదాకా ఉండిపోయాడు. కింద బేరం పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఆ సంవత్సరాన్ని యంత్రమేధా వత్సరంగా ప్రకటించింది. బస్సుల వెనకా, ఆస్పత్రి గోడల మీదా, ఆఖరికి రేషను కొట్ల ముందు కూడా "మనిషి పొరబడును, యంత్రం పొరబడదు" అని బోర్డులు వెలిశాయి. బాలల దృశ్య వినోద వికాస మండలి తమ చానెల్‌కి రోబోల మీద బొమ్మల ధారావాహిక కావాలని పిలుపునిచ్చింది. వైజయంతి తుప్పన్నని పంపింది. మండలి ఎంపిక చేసింది. స్టూడియోలో అందరూ మిర్చిబజ్జీలు తిన్నారు. గేముల కంపెనీ ఒకటి పిలిచినా, కుర్రాళ్ళు తుప్పన్నని వదిలి రామని కబురు పంపేశారు.

తరవాత మండలి వారు పరిశీలన సమావేశానికి రమ్మన్నారు.

*

మండలి అధ్యక్షులు సర్వోత్తమరావు గారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి విరమించినవారు. ఏ కుర్చీ ఖాళీ అయినా ప్రభుత్వానికి ముందు ఆయనే గుర్తొచ్చేవారు. ఇదివరకు చేపల అభివృద్ధి చూశారు, తరవాత చేనేత చూశారు, ఇప్పుడు పిల్లల్ని చూస్తున్నారు. చెడ్డ మనిషేమీ కాదు. ఎవరినీ కసురుకునేవారు కాదు. కాకపోతే ఆయన నోట ఏ మాట వచ్చినా సంతకం పెట్టాల్సిన కాగితంలా వచ్చేది. ఆయన పక్కన సభ్యకార్యదర్శి సుగుణాకర్, చుట్టూ రకరకాల శాఖల ప్రతినిధులు.

బొమ్మ వేశారు. విద్యుత్తు శాఖాయన మొదట్లో బాగానే నవ్వాడు. వీధి చీకటి కాగానే మానేశాడు.

దీపాలు వేశాక సర్వోత్తమరావు గారు గొంతు సవరించుకున్నారు.

"శ్రీమతి వైజయంతి గారూ, చిత్రం నిర్మాణపరంగా ప్రశంసనీయం. అయితే ఇందులో యంత్రం తప్పు చేసినట్టుగా మండలి దృష్టికి వచ్చింది."

"అవును సార్, చేస్తాడు. కథే అది."

"చేస్తాడని మీరు అంగీకరిస్తున్నారు."

"పొరపాటున సార్."

"పొరపాటున చేసినా అది తప్పు పరిధిలోకే వస్తుందమ్మా. యంత్రం పొరబడదని ప్రభుత్వం ప్రజలకు హామీ ఇచ్చి ఉంది. ప్రభుత్వపు చానెల్లో, ప్రభుత్వపు హామీకి విరుద్ధంగా, ఒక యంత్రం కొత్తిమీరకు బదులుగా మీటరు తెచ్చుట ఎట్లా సంభవం?"

"అది బొమ్మ సార్."

"బొమ్మ యంత్రమే పొరబడితే, రేపు నిజమైన యంత్రం మీద బాలుడికి ఏం విశ్వాసం ఉంటుంది?"

విద్యుత్తు శాఖాయన అందుకున్నాడు. "పైగా మా శాఖలో చీకటి అనేది లేదు. ప్రణాళికాబద్ధమైన వెలుతురు విరామం మాత్రమే ఉంది. అది కూడా గత ఆర్థిక సంవత్సరంతో ఆగింది."

పరిశ్రమల శాఖ నుంచి వచ్చిన ఆవిడకి పేరు నచ్చలేదు. తుప్పు అనే మాట వింటే పెట్టుబడి పెట్టేవాళ్ళు వెనక్కి వెళ్ళిపోతారట. మెరుగన్న అని పెట్టమంది. ఒక కాలు పొట్టిగా ఎందుకుందని ఇంకొకాయన అడిగాడు. తయారీ లోపాన్ని ఒప్పుకున్నట్టు ఉంటుందన్నాడు. కాళ్ళు సమానం చెయ్యాలన్నారు. దగ్గు ఆపాలన్నారు, వైద్య శాఖ వారు రాకుండానే.

తీర్మానం సుగుణాకర్ చదివాడు. "సదరు ధారావాహికలో యంత్రములు ఎట్టి పరిస్థితిలోనూ తప్పు చేయరాదు. ఇతరత్రా కథ యథాతథం."

వైజయంతి కాగితాలు సర్దుకుని లేచింది. బయట వరండాలో సుగుణాకర్ ఆవిడ వెనకాలే వచ్చాడు.

"అమ్మా, మీ కథ నాకైతే మస్తు నచ్చింది. ఆ బిందె దగ్గు ఉంది సూడు, నవ్వలేక సచ్చిన. కానీ అది వ్యక్తిగతంగా. ఈడ నేను వ్యక్తిని కాదు గదా."

*

స్టూడియోలో ముక్తేశ్వరరావు బిందె పక్కన పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"మెరుగన్నా! అదేం పేరండీ బాబూ, తోమిన చెంబులాగా. సరే, కానివ్వండి. ఇప్పుడు కథేమిటంట?"

"మరమ్మ కొత్తిమీర తెమ్మంటుంది. మెరుగన్న తెస్తాడు."

"ఆయ్. తరవాత?"

"తరవాత పచ్చడి."

ముక్తేశ్వరరావు బిందెని ఒళ్ళోకి లాక్కున్నాడు. "కరివేపాకు కూడా తెమ్మంటే ఇంకాస్త సాగుతుందేమోనండి."

వైజయంతి నవ్వింది గానీ లోపల భయం పట్టుకుంది. మండలిని వదులుకుంటే స్టూడియో మూసెయ్యడమే. కుర్రాళ్ళు తలో దిక్కుకీ పోయి ఫోన్లలో నొక్కే గుండీలు గీసుకుంటూ బతకాలి. వాళ్ళకి తన మొహం ఎలా చూపించాలి? కాబట్టి కోపాన్ని దిగమింగి, బుర్రకి పని పెట్టింది. తీర్మానంలో యంత్రాలు తప్పు చెయ్యకూడదని ఉంది. మనుషులు చెయ్యకూడదని లేదు. మెరుగన్న బుద్ధిగా బజారుకెళ్తాడు. కూరగాయలమ్మే మనిషి పొరపాటున కొత్తిమీర బదులు గడ్డి కట్ట ఇస్తుంది. అక్కడినుంచి కథ నడుస్తుంది. అంత బాగా రాలేదు. కానీ నడుస్తుంది.

ఆ కథ పట్టుకుని మళ్ళీ మండలికి వెళ్ళింది. ఈసారి గదిలో కుర్చీలు చాలక వరండాలోంచి తెచ్చి వేశారు. తప్పు ఇకమీదట మనుషుల మీదికి వస్తోందని ఎలా తెలిసిందో, మొదటిసారి రాని శాఖలన్నీ వచ్చాయి.

మార్కెటింగు శాఖాయన లేచాడు. "మా రైతుబజార్లలో గడ్డికీ కొత్తిమీరకీ తేడా తెలియని విక్రేత లేదు."

"అయితే మెరుగన్న రోడ్డు మీద వస్తుంటే సంచి జారిపోతుంది సార్. గుంటలో కాలు పడి..."

"గుంటా?" అన్నాడు రోడ్ల శాఖాయన, ఆ మాట మొదటిసారి వింటున్నట్టు.

"పోనీ, పక్కింటాయన తన సంచి అనుకుని పట్టుకుపోతాడు."

"ఆయన ఏ ఉద్యోగం చేస్తాడు?" అని నలుగురైదుగురు ఒకేసారి అడిగారు. ఉపాధ్యాయుడైతే విద్యాశాఖ ఒప్పుకోదు. కండక్టరైతే రవాణా శాఖ ఒప్పుకోదు. నిరుద్యోగి అంటే ఉపాధి కల్పన శాఖావిడ నొచ్చుకుంది. నిరుద్యోగి అనే వర్గమే ఇప్పుడు లేదనీ, అవకాశాన్వేషి అనాలనీ చెప్పింది.

వైజయంతి మనుషుల్ని వదిలేసింది. "మేక తినేస్తుంది సార్."

పశుసంవర్ధక శాఖ డాక్టరు గారు విచారంగా తల అడ్డంగా ఊపాడు. "మా పథకం కింద మేకలకు పుష్కలంగా దాణా అందుతోంది. పరుల కొత్తిమీర తినాల్సిన అగత్యం వాటికి లేదు."

"గాలికి ఎగిరిపోతుంది."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గాలికి శాఖ లేదు. ఒక్క క్షణం వైజయంతికి ప్రాణం లేచొచ్చింది. అంతలో గది చివర్నుంచి విపత్తుల నిర్వహణ ఆయన చెయ్యెత్తాడు. కొత్తిమీర ఎగిరిపోయేంత గాలి వీస్తే ముందు హెచ్చరిక వస్తుందనీ, హెచ్చరిక వచ్చాక ఎవరూ కొత్తిమీర కోసం బయటికి రారనీ చెప్పి కూర్చున్నాడు.

సర్వోత్తమరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అసలు తప్పు జరిగి తీరాలా అమ్మా? అందరూ సక్రమంగా ప్రవర్తించే కథ ఒకటి రాయకూడదూ?"

"పిల్లలు నవ్వాలి కదా సార్."

"నవ్వాలని ఎక్కడుంది?"

సుగుణాకర్ మెల్లగా అన్నాడు. "మండలి పేర్లనే ఉంది సార్. దృశ్య వినోద వికాస."

అందరూ గుమ్మం వైపు చూశారు. వినోదం అనే మాట నిజంగానే ఉంది, గుమ్మం బయట ఇత్తడి అక్షరాల్లో. సర్వోత్తమరావు గారికి చట్టం అంటే భక్తి. ఉన్న మాటని లేదనుకోలేరు. వినోదం తప్పనిసరి. తప్పు లేనిదే వినోదం రాదని దర్శకురాలు చెబుతోంది. కనుక తప్పు కూడా తప్పనిసరి. అది ఏ శాఖకీ చెందని వ్యక్తి చెయ్యాలి. ఉద్యోగి కాకూడదు, లబ్ధిదారు కాకూడదు, ఏ పథకంలోనూ ఉండకూడదు. అలాంటి మనిషి ఎవరా అని అందరూ ఆలోచించారు. ఆలోచించి ఆలోచించి, ఒక్కొక్కరే తలెత్తి వైజయంతి వైపు చూశారు.

"మీకు రేషను కార్డుందా?" అని అడిగింది ఉపాధి కల్పనావిడ.

"లేదండీ."

"ఏదైనా పింఛను?"

"లేదు."

"దివ్యంగా ఉంది," అన్నారు సర్వోత్తమరావు గారు, మొట్టమొదటిసారి నవ్వుతూ. సుగుణాకర్ రాసుకుని చదివాడు. "ధారావాహికలో సంభవించు తప్పులన్నియు దర్శకురాలు శ్రీమతి వైజయంతి గారు స్వయంగా, స్వచ్ఛందంగా, తన పూర్తి బాధ్యతపై చేయవలెను."

*

అప్పటిదాకా వైజయంతి తన బొమ్మ తాను ఎప్పుడూ గీసుకోలేదు. అద్దం ముందు కూర్చుని మొదలుపెడితే, ముందు గీసినవన్నీ కాస్త సన్నగా, కాస్త చిన్న వయసుగా వచ్చాయి. కుర్రాళ్ళు మొహమాటపడి బాగుంది మేడమ్ అన్నారు. ముక్తేశ్వరరావు మొహమాటపడలేదు.

"ఈవిడెవరండీ? మీ చెల్లెలా?"

చింపేసి మళ్ళీ గీసింది. జారిపోయే కళ్ళజోడు, జడలోంచి తప్పించుకున్న వెంట్రుకలు, ఎప్పుడూ ఏదో మర్చిపోయినట్టుండే మొహం. ఈసారి అందరూ నవ్వారు. ఆవిడకి కాస్త కష్టమనిపించింది, కాస్త బాగానూ అనిపించింది.

తప్పులు ఎక్కడినుంచి తేవాలి? తుప్పన్న తప్పులైతే కల్పించింది. తన తప్పులు కల్పించబోతే అబద్ధంలా వచ్చాయి. చివరికి నిజంగా చేసినవే వేసింది. కొత్తిమీరకని వెళ్ళి పుదీనా తేవడం. ఒక పెళ్ళికి వెళ్ళి, కడుపునిండా భోంచేసి, అక్షింతలు వెయ్యబోయేటప్పుడు అది తను రావాల్సిన పెళ్ళి కాదని తెలుసుకోవడం. మెహదీపట్నం బస్సనుకుని మేడ్చల్ బస్సెక్కి, పరువు పోతుందని దిగకుండా చివరిదాకా కూర్చోవడం. గొంతు కూడా ఆవిడే ఇవ్వాల్సి వచ్చింది. తప్పు గొంతు వేరే మనిషి ఇస్తే ఆ మనిషి ఏ శాఖో చూడాల్సి వస్తుందన్నారు.

ముక్తేశ్వరరావు నేర్పాడు. "కిందపడేటప్పుడు 'అమ్మా' అనకండి. అందరూ అదే అంటారు. మీరు నిజంగా పడితే ఏమంటారు?"

వైజయంతి ఆలోచించింది. "'ఫర్వాలేదు, ఫర్వాలేదు' అంటాను. ఎవరూ అడక్కుండానే."

"ఆయ్! అదేనండి."

ఇక మెరుగన్నా మరమ్మా వెనకాల పెళ్ళిపందిరి గుంజల్లా నిలబడి ఉండేవారు. తళతళా మెరుస్తూ, సరిసమానమైన కాళ్ళతో. ముక్తేశ్వరరావుకి మిగిలినవి రెండు మాటలు. "సరే" ఒకటి, "పూర్తయింది" ఒకటి. ఆయన రోజూ బిందె మోసుకుని వచ్చి, ఆ రెండు మాటలూ చెప్పి, బిందె మోసుకుని వెళ్ళిపోయేవాడు. వెళ్ళేటప్పుడు కుర్రాళ్ళు ఆయన వైపు చూసేవారు కాదు.

ధారావాహిక టీవీలో రావడం మొదలైంది. రోబోలని చూసేవాళ్ళు లేరు. పిల్లలంతా కళ్ళజోడు ఆవిడ కోసం చూశారు. ఆవిడకి తప్పులత్త అని పేరు పెట్టుకున్నారు. బళ్ళలో పిల్లలు కిందపడితే ఏడవడం మానేసి "ఫర్వాలేదు, ఫర్వాలేదు" అనడం మొదలుపెట్టారు. లెక్క తప్పు చేసిన పిల్లవాడొకడు టీచరుతో "నేను తప్పులత్త పార్టీ" అన్నాడని పేపర్లో వచ్చింది. వైజయంతి బజారుకెళ్తే పిల్లలు వెంటపడేవారు, ఇప్పుడేం చేస్తుందా అని. ఒకసారి ఆటో దిగి, చిల్లర సరిగ్గా తీసుకుని, సంచి మర్చిపోకుండా నడిచి వెళ్తుంటే, ఒక పిల్ల తల్లితో "ఈవిడ ఆవిడ కాదే" అని నిరాశగా అంది. వైజయంతి ఆగి, వెనక్కి తిరిగి, ఎదురుగా ఉన్న మందుల షాపులో అర కేజీ వంకాయలు అడిగింది. ఆ పిల్ల పకపకా నవ్వింది. మందుల షాపాయన నవ్వలేదు.

*

మండలి వారు సన్మానం పెట్టారు. శాలువా, పూలదండ, గాజుపెట్టెలో పెద్ద బంగారు రంగు మరచక్రం. సర్వోత్తమరావు గారు మాట్లాడుతూ, దర్శకురాలి కృషికి గుర్తింపుగా ఆవిడని రాష్ట్ర బాలల గౌరవ ప్రచారకర్తగా నియమిస్తున్నట్టు ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. అవి పూర్తయ్యేలోగా సుగుణాకర్ దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు.

"అమ్మా, ఒక చిన్న ఇబ్బంది. ఇగ మీరు తప్పులు చెయ్యరాదు."

"ఎందుకని?"

"ఇప్పుడు మీరు గూడ ప్రభుత్వమే గదా."

వైజయంతి శాలువా తీసి చేతిలో పట్టుకుంది. వద్దు, ప్రచారకర్త పదవి తీసేసుకోండని అంది. తీసెయ్యాలంటే ఏదైనా తప్పు చేసి ఉండాలట. అది చెయ్యరాదు.

మర్నాడు అత్యవసర సమావేశం. పాత సమస్యే మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. వినోదం తప్పనిసరి, తప్పు తప్పనిసరి, చేసేవాళ్ళు లేరు. వైజయంతి నీరసంగా కూర్చుంది. మళ్ళీ మేకతో మొదలుపెట్టే ఓపిక ఆవిడకి లేదు. ధారావాహిక ఆపేస్తామంటే ఆపెయ్యమందామని నిశ్చయించుకుంది. కుర్రాళ్ళకి ఆ మాట ఎలా చెప్పాలో మనసులో కూర్చుకుంటోంది.

సర్వోత్తమరావు గారు ఎందుకో ఇబ్బందిగా కదిలారు. "మా మనవరాలు సుహాసిని నిన్న ఒక ప్రశ్న అడిగింది. 'తాతా, తప్పులత్త టీవీలో వస్తుంది కదా, నువ్వెందుకు రావు? నీకు తప్పులు చెయ్యడం చేతకాదా?' అని." ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. "ముప్పయ్యేళ్ళ పైచిలుకు ప్రజాసేవలో ఉన్నానమ్మా. నా శక్తిసామర్థ్యాలను ఎవరూ ఈ విధంగా శంకించలేదు."

ఆయన కళ్ళజోడు మడిచి బల్ల మీద పెట్టారు.

"అందుచేత, ధారావాహిక ప్రయోజనాల దృష్ట్యా, తప్పు చేయు బాధ్యతను అధ్యక్ష హోదాలో నేను స్వీకరించడానికి సంసిద్ధుడనై ఉన్నాను."

అంతే. గది ఒక్కసారిగా భగ్గుమంది. విద్యుత్తు శాఖాయన లేచి నిలబడ్డాడు. "క్షమించాలి సార్. ఈ ధారావాహికలో మొట్టమొదటి తప్పు మా మీటరుకు సంబంధించింది. ప్రాధాన్యతా క్రమంలో హక్కు మా శాఖది."

"పడితేనే పిల్లలు నవ్వుతారు," అన్నాడు రోడ్ల శాఖాయన. "పడాలంటే గుంట కావాలి. రాష్ట్రంలో ఎన్ని గుంటలున్నాయో అన్నీ మా ఆధీనంలోనివే. కావలిస్తే తీసుకెళ్ళి చూపిస్తాను."

పశువుల డాక్టరు గారు తమ మేకలు కొత్తిమీరే కాదు, ఆరేసిన చీరలు కూడా తిన్న సందర్భాలు ఉన్నాయని చెప్పాడు. ఆయన ఇంట్లోనూ పిల్లలున్నారు. అందరి ఇళ్ళలోనూ ఉన్నారు. మార్కెటింగు ఆయన, తమ తూకాల సంగతి ప్రజలకే తెలుసునన్నాడు. ఎవరి తప్పులు ఎంత పెద్దవో చెప్పుకుంటూ, బల్ల గుద్దుతూ, ఒకరి గొంతు మీద ఒకరు అరిచారు. ఏళ్ళ తరబడి ఎవరు అడిగినా బయటికి రాని సంగతులన్నీ అరగంటలో బయటికొచ్చాయి. సుగుణాకర్ రాసుకోబోయి, కలం మూతపెట్టి జేబులో పెట్టేసుకున్నాడు.

వైజయంతి నిటారుగా కూర్చుంది. కుర్రాళ్ళతో చెప్పాల్సిన మాటలన్నీ మర్చిపోయింది.

"సార్," అంది. "తప్పు చెయ్యడం అందరికీ రాదండీ. పరీక్ష పెట్టాలి."

*

అధ్యక్షులు కాబట్టి సర్వోత్తమరావు గారే ముందు వచ్చారు. కొత్త సిల్కు లాల్చీ వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, కర్టెన్ల కొట్టు పక్క మెట్లెక్కి స్టూడియోలోకి వచ్చారు. వెనకాలే సుగుణాకర్. మెట్ల మీద మిగతా శాఖలవాళ్ళు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

పని చిన్నదే. కూరగాయల సంచి పట్టుకుని నాలుగడుగులు వేసి జారిపడాలి. కింద పరుపు వేశారు. ఆయన ఎలా పడతారో చూసి బొమ్మ గీస్తామని వైజయంతి చెప్పింది.

సర్వోత్తమరావు గారు నాలుగడుగులు వేశారు. ఆగారు. పరుపు ఎక్కడుందో చూసుకున్నారు. లాల్చీ పైకి సర్దుకున్నారు. సంచి సుగుణాకర్ చేతికిచ్చి, ముందు ఒక మోకాలు, తరవాత రెండో మోకాలు ఆనించి, శిలాఫలకం ఆవిష్కరించినంత నెమ్మదిగా పక్కకి వాలారు.

సుహాసిని నవ్వలేదు. "తాత పడుకున్నాడు," అంది.

"ఇంకోసారి సార్," అంది వైజయంతి.

రెండోసారి ఇంకా జాగ్రత్తగా పడ్డారు. ముక్తేశ్వరరావు ముందుకొచ్చి, తను పడి చూపించాడు. దభీమని, బిందెతో సహా. పిల్ల కిలకిలా నవ్వింది. సర్వోత్తమరావు గారి మొహం చిన్నబోయింది. మూడోసారి కూడా పడ్డారు. పడ్డాక చేతులు జోడించారు. అలవాటుకొద్దీ.

లేచి కుర్చీలో కూర్చుని రొప్పుతున్న ఆయన్ని చూస్తే వైజయంతికి జాలేసింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఇవాళ ఆయన నిజంగా కష్టపడుతున్నాడు, పరీక్ష తప్పిన పిల్లాడిలా మనవరాలి మొహం వైపు చూడలేకపోతున్నాడు. మంచినీళ్ళ గ్లాసు అందించి, పక్కనే కూర్చుని, మనసులో ఏమీ పెట్టుకోకుండా అంది.

"మీరు నటిస్తున్నారు సార్. అందుకే రావట్లేదు. నటించకండి. ఆఫీసులో ఎలా చేస్తారో అలా, సహజంగా చెయ్యండి."

సుగుణాకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కుర్రాళ్ళు గీస్తున్న చేతులు ఆపేశారు. ముక్తేశ్వరరావు మొహం బిందెలో దాచుకున్నాడు.

సర్వోత్తమరావు గారు మంచినీళ్ళు తాగారు. ఆ మాటలో ఆయనకి తప్పేమీ కనబడలేదు. వృత్తి తెలిసిన మనిషి ఇచ్చిన సలహాగానే తీసుకున్నారు. కళ్ళజోడు సవరించుకుని, వెన్ను నిలబెట్టి, ఎదురుగా బల్ల ఉన్నట్టే చేతులు రెండూ ముందుకి చాపి, గొంతు సవరించుకున్నారు.

"పడుట అనే అంశం ఇంత తొందరపాటుగా చేపట్టవలసినది కాదు. పడు వ్యక్తి ముందుకు పడవలెనా, వెనుకకు పడవలెనా? ముందుకు పడినచో దాన్ని పురోగతిగా పరిగణించవచ్చునా? వెనుకకు పడిన పక్షంలో వెనుక ఎవరున్నారు, వారి అనుమతి ఉన్నదా? ఈ విషయాలు పరిశీలించుటకు తగు ఉపసంఘం వేయవలసి ఉన్నది. నివేదిక అందే వరకు సదరు వ్యక్తి పడకుండా గాలిలో యథాస్థితిని కొనసాగించవలెను."

ముందు చిన్న కిచకిచ వినబడింది. తరవాత సుహాసిని పొట్ట పట్టుకుని పరుపు మీద పడి దొర్లింది. "గాలిలో! తాతా, గాలిలో ఉండాలంట!" నవ్వీ నవ్వీ దానికి ఎక్కిళ్ళు వచ్చాయి.

"ఎక్కిళ్ళు ఏ శాఖ పరిధిలోకి వస్తాయి సుగుణాకర్?" అని అడిగారు సర్వోత్తమరావు గారు, పూర్తి గంభీరంగా.

సుగుణాకర్ ఇక ఆగలేకపోయాడు. కుర్రాళ్ళూ ఆగలేకపోయారు. మెట్ల మీద నిలబడ్డ శాఖలవాళ్ళు లోపల ఏం జరుగుతోందోనని తలుపులోంచి తొంగిచూశారు.

పిల్ల ఎందుకు నవ్వుతోందో ఆయనకి తెలియలేదు. కానీ తన వల్లే నవ్వుతోందని తెలిసింది. ఆ వయసులో ఆయన మొహంలోకి రాగలిగినంత వెలుగంతా వచ్చింది.

"వచ్చిందా అమ్మా?" అని అడిగారు వైజయంతిని, ఆశగా.

ఆవిడ అప్పటికే పెన్సిలు తీసుకుంది. చెయ్యి దానంతటదే పరుగెడుతోంది. బోర్లా పడబోయి గాలిలో ఆగిపోయిన ఒక పెద్దమనిషి, చేతిలో సంచి, సంచిలోంచి జారి ఆయనతో పాటే ఆగిపోయిన ఒక వంకాయ.

"వచ్చేసింది సార్. ఆపకండి," అంది, తలెత్తకుండా. "ఆ ఉపసంఘంలో ఎవరెవరుంటారో చెప్పండి."